వేటకథయు శ్రోతయు

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళని వాదించువానిపై తెలుగువారికి ఒక సామెత కలదు. మనము దానిని మొండివాదమునకు ఉదాహరణముగా వాడుచున్నాము. కాని ఆ సామెతలోని మనుష్యుడు తార్కికుడు కాడు, వేటగాడు. పట్టినవాడొకడు, వినువాడొకడు. కుందేటికి నాలుగు కాళ్ళని వినువానికి తెలియును. అతనికి తెలియునని చెప్పువానికిని తెలియును. ఐనను చెప్పువాడు తగ్గడు. వేట ఒక పని, వేటకథ వేఱొక పని. మొదటిదానికి మృగము కావలయును, రెండవదానికి శ్రోత కావలయును. శ్రోత మాఱినచో కుందేటి కాళ్ళ సంఖ్యయు మాఱును.

మన ప్రబంధములందలి మృగయావర్ణనములనుగూర్చి విమర్శకులు వ్రాసినది తక్కువ కాదు. అందు తఱచుగా కానవచ్చు మాట యొకటి కలదు: ‘ఈ వర్ణనము మిక్కిలి సహజముగా నున్నది, స్వభావోక్తికి చక్కని యుదాహరణము’. ఈ మాటను మేమును తరగతులలో చాలయేండ్లు చెప్పితిమి. వేటను ఎన్నడును చూడని విమర్శకుడు, వేటను ఎన్నడును చూడని విద్యార్థికి, ఇది వేటకు సహజముగా నున్నదని ఎట్లు చెప్పగలుగుచున్నాడు? ఈ ప్రశ్న మమ్ము చాలకాలము బాధించినది. దానికి సమాధానము వెదకుటకై, కావ్యములందలి మృగయావర్ణనమును, వేటయందును చేపలు పట్టుటయందును ఆసక్తి గలవారు తమలో తాము చెప్పుకొను అనుభవకథనమును ప్రక్కప్రక్కన నుంచి చూడదలచితిమి.

ఆలంకారికులు మహాకావ్యమునకు విధించిన వర్ణనలలో మృగయ మొదటినుండియు ఉన్నది కాదు. దండి కావ్యాదర్శమున నగరము, సముద్రము, శైలము, ఋతువులు, చంద్రసూర్యోదయములు, ఉద్యానసలిలక్రీడలు మున్నగువానిని లెక్కించెను గాని మృగయను పేర్కొనలేదు. విశ్వనాథుని సాహిత్యదర్పణమున అది పేరు పెట్టుకొని కూర్చున్నది. లక్షణమున చేరకమునుపే లక్ష్యమున మృగయ ప్రబలినదనుటకు కాళిదాసు చాలును.

శాస్త్రమున మాత్రము మృగయ ఆదినుండియు వివాదగ్రస్తమే. అర్థశాస్త్రము ఎనిమిదవ యధికరణమున, రాజవ్యసనములలో జూదముకంటె వేటయే యెక్కువ చెడ్డదని పిశునుడు వాదించెను. దొంగలు, శత్రువులు, కార్చిచ్చు, దిగ్భ్రమ, ఆకలిదప్పులు, ప్రాణహాని అతడు చూపిన హేతువులు. కౌటిల్యుడు దానిని త్రోసిపుచ్చి, వేటయందు వ్యాయామము కలదు, కొవ్వు తఱుగును, కదలు గుఱిని కదలని గుఱిని కొట్టుట అలవడును, కోపభయములందు మృగముల చిత్తము తెలియవచ్చునని మెచ్చెను. శాకుంతలము రెండవ యంకమున సేనాపతి దుష్యంతునియెదుట చేయు మృగయాస్తుతి ఇంచుమించు ఈ హేతువులనే శ్లోకముగా పఠించును. విద్యార్థులు ఆ శ్లోకమును కంఠస్థము చేయుదురు. కాని దానికి ముందున్న చిన్న మాటను విడిచిపెట్టుదురు. సేనాపతి అంతకుముందే విదూషకునితో చాటుగా, ‘నీవు నీ పట్టు విడువకుము, నేను మాత్రము ప్రభువు మనస్సు ననుసరించి మాటాడుదును’ అను నర్థము వచ్చునట్లు చెప్పియున్నాడు. అనగా మృగయను గూర్చిన యంత గొప్ప ప్రశంసయు ఆ వక్త నమ్మి చెప్పినది కాదు. శ్రోత రాజగుటచేత పుట్టినది. ఆ యంకమున వేటనుగూర్చి నిజము చెప్పినవాడు విదూషకు డొక్కడే. ఆకులు రాలి వగరెక్కిన సెలయేటినీరు, వేళకు దొరకని తిండి, శూలములపై కాల్చిన మాంసము, తెల్లవాఱకమున్నే పక్షులవేటకాండ్ర కేకలచే చెడిన నిద్ర: ఇవి అడవికి పోయివచ్చినవాడు చెప్పు మాటలు. వేటకు దూరముగా నుండగోరువాడు వేటను అందఱికంటె బాగుగా చూచెనన్నమాట.

ఆస్థానశ్రోతకొఱకు కట్టిన మృగయావర్ణనమున కొన్ని లక్షణములు స్థిరపడినవి. అందు గుఱి తప్పదు. బాణమునకొక మృగము పడును. మృగములు జాతులుగా వచ్చును గాని ఒక్కొక్కటిగా రావు. పందులు, పులులు, దుప్పులు, కణుజులు వరుసగా వచ్చి పద్యమునకొకటి చొప్పున కూలును. వేట తనకొఱకు తాను జరుగదు, మఱొకదానికి ద్వారముగా జరుగును. దుష్యంతుడు లేడివెంట పోయి శకుంతలను చూచును. మనుచరిత్రమున స్వరోచి వేటకు పోయినందుననే మనోరమ యార్తనాదము వినబడును. ద్వారము దాటిన పిమ్మట వేటను కవి మఱచును, మనమును మఱతుము. పెద్దన వంటి మహాకవియొద్ద ఈ ద్వారము కూడ చిత్రించిన ద్వారమే. ఆ వేటసన్నాహమందలి సందడి, కుక్కలు, వలలు, తెరలు తెలుగుపలుకుబడితో కదలుచుండును. కాని స్వరోచి తన బాణమేల తప్పెనని ఒక్కమాఱైనను తలపోయడు. తప్పినగదా తలపోయుటకు!

ఇట్టి వర్ణనలలో ఎక్కడనైన బాణము ఆగినచో అచ్చట కవిత్వము మేలుకొనును. రఘువంశము తొమ్మిదవ సర్గమున దశరథుడు జింకకు గుఱిపెట్టగా పెంటి అడ్డము వచ్చి నిలిచినది. అతడు తానును ప్రియుడగుటచే చెవిదాక లాగిన బాణమును వెనుకకు తీసికొనెను. ఆ సర్గములోని వేటయంతటిలో మనకు జ్ఞాపకముండునది ఈ విడువని బాణమే.

దశరథుని పేరు వచ్చినది గనుక అసలు విషయమునకు వత్తము. మన వాఙ్మయమున వేటగాడు స్వయముగా, ఉత్తమపురుషలో, తన వేటను తాను చెప్పిన కథ ఒకటి కలదు. అది వాల్మీకి అయోధ్యాకాండములోనిది. రాముడు అడవికి పోయిన పిమ్మట అర్ధరాత్రమున దశరథుడు కౌసల్యకు మునికుమారవధను చెప్పును. ఈ ఘట్టమును మనము శాపకథగా, కర్మఫలకథగా చదువుచున్నాము. కరుణరసపోషణమును గూర్చి వ్రాసితిమి. దానిని వేటకథగా చదివినవారు మాకు కనబడలేదు. అట్లు చదివినచో దానిలోని ప్రతివివరమును తన చోట తాను నిలుచును.

కాలము వర్షర్తువు. చోటు సరయూతీరమున మృగములు నీరు త్రాగవచ్చు రేవు. వేళ రాత్రి. ఏనుగో, అడవిదున్నయో, మఱియే మృగమో నీటికి వచ్చునని యువరాజు మాటువేసి యున్నాడు. చీకటిలో కనులకు పని లేదు, చెవులకే పని. కుండ నీటిలో మునుగునప్పటి బుడబుడధ్వని వినబడినది. ఏనుగు తొండముతో నీరు పీల్చుచున్నదని యతడు నిశ్చయించెను. బాణము విడిచెను. తరువాత మనుష్యకంఠము వినబడినది.

నీటిరేవుకడ మాటువేయుట వేటలో మిక్కిలి పాతపద్ధతి. చీకటిలో ధ్వనినిబట్టి ఊహించుటయు, ఆ యూహ తప్పుటయు వేటగాండ్రందఱికి తెలిసిన ప్రమాదములు. వాల్మీకి దీనికి శాస్త్రము చెప్పలేదు. ఋతువును, రేవును, చీకటిని, ధ్వనిని వరుసగా చెప్పెను. ఆ వరుసలో శ్రోతయు తప్పు చేయును. మనమును ఏనుగే యనుకొందుము. ఇదియే అనుభవకథనము చేయవలసిన పని. మఱియొక వివరము దీనికంటె గొప్పది. తాను శబ్దవేధియని లోకమున ప్రసిద్ధి పొందియుంటినని దశరథుడు మొదటనే చెప్పుకొనును. ఆ ప్రసిద్ధి ఎట్లు వచ్చినది? ఎవరో చెప్పగా, ఎవరో వినగా వచ్చినది. అంతకుముందు చెప్పుకొన్న వేటకథలు కలవు. వానిలో గుఱి తప్పలేదు. ఆ కథల బరువే ఆ రాత్రి చీకటిలో బాణమును విడిపించినది. మూడుకాళ్ళ కుందేటి సామెతకు ఇంతకంటె భయంకరమైన వ్యాఖ్య మాకు కనబడలేదు.

కాళిదాసు ఇదే వృత్తాంతమును రఘువంశమున చెప్పెను, ప్రథమపురుషలో. నది తమస యైనది. రాజు రురుమృగము వెంట గుఱ్ఱముపై వచ్చినాడు. చీకటిని కవి చెప్పడు. దానికి మాఱుగా, వన్యగజవధ రాజులకు నిషిద్ధమైనను దశరథుడు దానికి పూనుకొనెనని ధర్మవిచారము వచ్చి చేరినది. శ్లోకములు రమ్యములే, ఔచిత్యమును చక్కగనే యున్నది. కాని చీకటి పోయినందున తప్పు అర్థము కాకుండ పోయినది. వాల్మీకియందు తప్పు చెవిది, కాళిదాసునందు తప్పు విధినిషేధముల నతిక్రమించుటది. వేటగాని కథను సభకు తెచ్చునప్పుడు మొదట రాలిపోవునది వివరము, తరువాత చేరునది నీతి. కాళిదాసును తక్కువచేయుట మా యుద్దేశము కాదు. అతనికి సభ కలదు, వాల్మీకి దశరథునకు కౌసల్య యొక్కతె కలదు. ఆమె బిడ్డను పోగొట్టుకొన్న తల్లి. ఆమెయెదుట కోతలు కోయుట ఎవరికిని సాధ్యము కాదు.

ఇంకొక సందర్భమున శ్రోతృత్వము పూర్తిగా తలక్రిందులైనది. వనపర్వమున ద్వైతవనమందలి మృగములు ధర్మరాజు కలలోనికి వచ్చి, మీ వేటచే మా కులము తఱిగినది, విత్తనమునకు మిగిలినవారము మేము, మఱియొకచోటికి పొమ్మని వేడుకొనును. వేటగాడు వినువాడైనాడు, మృగము చెప్పునదైనది. ధర్మరాజు మఱునాడే తమ్ములతో కామ్యకమునకు తరలిపోయెను. తెలుగున ఆ పర్వశేషమును పూరించిన ఎఱ్ఱన యెడల మన పరిశోధకులకు కల గౌరవమును బట్టి, ఈ ఘట్టముపై ఇంతవఱకు రావలసినంత చర్చ రాలేదని చెప్పుట తప్పు కానేరదు.

సభను విడిచి నెగడుకడకు వత్తము. అడవిలో రాత్రి నెగడు చుట్టు కూర్చుండి వేటగాండ్రు చెప్పుకొను కథకు శ్రోత వేటగాడే. అతనిని మోసగించుట కష్టము. పాశ్చాత్యులు మనదేశపు టడవులలో వేటలాడి ఆంగ్లమున వ్రాసిన గ్రంథములు లెక్కకు మిక్కిలి. వానిలో అధికభాగము ఆస్థానవర్ణనలకు దాయాదులే. ఇన్ని పులులు, ఇన్ని దున్నలు, ఇన్ని కొమ్ములు అను పట్టికయే వాని యాత్మ. పద్యమునకొక మృగము మాఱి పుటకొక మృగమైనది, అంతే భేదము. కాని 1883లో స్థాపితమైన బొంబాయి ప్రకృతిచరిత్రసంఘము 1886నుండి వెలువరించిన పత్రికలో వేటగాండ్రు, గాలపువేటవారు, అడవియుద్యోగులు తాము చూచినదానిని చిన్నచిన్న లేఖలుగా వ్రాసి ఒండొరుల తప్పులు దిద్దుకొనుచు వచ్చిరి. పులి పొడవును కొలుచుటలో వచ్చిన వివాద మొక్కటి చెప్పిన చాలును. చచ్చిన పులిని నేలపై చాచి, ముట్టెకడ ఒక గూటము, తోకకొనకడ ఒక గూటము నాటి నడుమ కొలుచుట ఒక పద్ధతి. ఒడలి వంపులమీదుగా త్రాడు పఱచి కొలుచుట మఱొకటి. రెండవదానివలన పులి కొన్ని అంగుళములు పెరుగును. కనుక తెలిసిన శ్రోత ‘పది యడుగుల పులి’ అని వినగానే ‘ఏ కొలత?’ అని యడుగును. సభలో ఎవరును ఏ కొలతయని యడుగరు.

జిమ్ కార్బెట్ (1875–1955) ఈ నెగడుసంప్రదాయమున పుట్టిన రచయిత. ఆయన కథలు మొదట 1935లో ‘జంగిల్ స్టోరీస్’ అను పేర నూఱు ప్రతులు మాత్రమే అచ్చై మిత్రులకు చేరినవి. లోకమెఱిగిన ‘మేనీటర్స్ ఆఫ్ కుమావూన్’ వెలువడినది 1944లో. మొదటి శ్రోతలు ఎవరో తెలిసినచో ఆ గ్రంథముయొక్క స్వరము తెలియును. చంపావత్ ఆడపులిని ఆయన 1907లో చంపెను. అది 436 మందిని చంపినదని ప్రతీతి. ఇట్టి వేటకు ముగింపు ఎంత ఘనముగా చెప్పవచ్చునో ఊహింపుడు. కార్బెట్ చెప్పినది వేఱు. తెచ్చుకొన్న తూటాలు మూడే, అవి యైపోయినవి. పరుగెత్తి తహసీలుదారుని పాతతుపాకిని తీసికొనెను. దాని గొట్టములకును మడతకును నడుమ సందు కలదు. దానితో పులి తెఱచిన నోటికి గుఱిపెట్టి కాల్చగా అది ముందఱికాలికి తగిలినది. పులి మునుపటి గాయములచేతనే పడినది. మనదేశపు వేటసాహిత్యమున మిక్కిలి ప్రసిద్ధమైన వేట తప్పిన గుఱితో ముగిసినది. ఆ పులి కుడివైపు కోఱపండ్లు రెండును పూర్వమెవరో కాల్చిన గుండువలన విఱిగియుండెననియు, అందుచేతనే అది మనుష్యుల నాశ్రయించెననియు అతడు చెప్పెను. అనగా ఆ పులి కథకు మొదలు మఱియొకని తప్పిన గుఱి.

1954లో వెలువడిన ‘టెంపుల్ టైగర్’ లోని మొదటి కథ ఇంకను విచిత్రము. దాబీధురాలోని ఆలయపూజారి, ఈ పులిని నీవు గాని మఱియొకడు గాని చంపజాలరని ముందే చెప్పెను. కార్బెట్ పదేపదే ప్రయత్నించి, చంపలేక తిరిగివచ్చెను. కథ అంతటితో సరి. మృగము పడని మృగయను మొదటి కథగా నుంచి గ్రంథమునకు దాని పేరే పెట్టిన ధైర్యము మన ప్రబంధకవులలో ఎవరికిని లేదు. ఉండవలసిన యవసరమును వారికి కలుగలేదు.

కెనెత్ ఆండర్సన్ (1910–1974) మనకు ఇంకను దగ్గఱివాడు. సికింద్రాబాదు చేరువ బొల్లారమున పుట్టి, బెంగుళూరున జీవించి, దక్షిణదేశపు టడవులనుగూర్చి వ్రాసెను. 1954లో వెలువడిన ‘నైన్ మేనీటర్స్ అండ్ వన్ రోగ్’ మొదలుకొని ఆయన గ్రంథములందు అడవివారు పేర్లతో, స్వభావములతో కనబడుదురు. పూజారి బైరడు తనకు గురువని ఆండర్సన్ చెప్పుకొనును. ఐనను ఆయనయందు మాకొక యాక్షేపణ కలదు. సాక్షి యెవడును లేనిచోట, చచ్చినవాడు చావకముందు ఏమి తలచెనో, పులి పొదలో ఏమి తలచెనో కన్నట్లు వ్రాయును. అప్పుడు నెగడు ఆఱిపోయి నాటకరంగపు దీపము వెలుగును. కార్బెట్‌నందును ఈ దోషము పూర్తిగా లేదనలేము గాని, తాను చూచినదానికిని ఊహించినదానికిని నడుమ గీత గీయు నలవాటు అతనికి ఎక్కువ. అతడు తుదకు తుపాకికంటె ఛాయాయంత్రమునందే యెక్కువ తృప్తి కలదని వ్రాసెను. ఛాయాచిత్రమునకు అందఱును శ్రోతలే, చర్మము గోడకు వ్రేలాడుట ఒక్కని యింటనే.

చేపలవేట సంగతి వేఱు. అందు ప్రాణభయము లేదు గనుక వీరము లేదు, వేచియుండుటయే కథ. కల్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు 1129 ప్రాంతమున రచించిన మానసోల్లాసమున మృగయావినోదమునకు తోడుగా మత్స్యవినోదము కూడ కలదు. కొంత తెలంగాణమును ఏలిన యీ వంశమువాని గ్రంథము మన విద్యార్థులకు పరాయిది కారాదు. సముద్రపు చేపలు, ఏటిచేపలు, పొలుసు గలవి, లేనివి, ఏ చేపకు ఏ ఎఱ, ముందుగా మేతవేసి చేపలను ఒకచోటికి అలవాటు చేయుట, వెదురుగడ, దారము, గాలము, బెండు: ఇవన్నియు అతడు చెప్పెను. రాజు వ్రాసినను ఇది రాజస్తుతి కాదు. గాలము పట్టినవాడు తోటి గాలపువానికి చెప్పినట్లున్నది. 1951లో మత్స్యశాస్త్రజ్ఞుడు సుందర్‌లాల్ హోరా ఈ ప్రకరణమును పరిశీలించుట దీని ప్రామాణ్యమునకు నిదర్శనము. ఇట్లే ఇంగ్లండున 1653లో ఐజాక్ వాల్టన్ ప్రకటించిన ‘కంప్లీట్ యాంగ్లర్’ సంవాదరూపమున నున్నది. రెండవ కూర్పునుండి అందు చేపలవాడు, వేటగాడు, డేగవాడు దారిలో కలిసి ఎవరి వినోదమును వారు పొగడుకొందురు. శ్రోతను గ్రంథములోపలికే తెచ్చికొనిన రచన యిది. మదరాసు రాజధానియందు ఉద్యోగించిన హెన్రీ సలివన్ థామస్ 1873లో ‘ది రాడ్ ఇన్ ఇండియా’ను, 1887లో చెఱువులందు గాలము వేయుటనుగూర్చి ‘ట్యాంక్ యాంగ్లింగ్ ఇన్ ఇండియా’ను ప్రకటించెను. మన చెఱువుగట్లమీది గాలపువిద్య ఒక గ్రంథమునకు విషయమైనది ఆంగ్లేయునిచేత గాని మనచేత గాదు.

ఒక్కమాట ప్రాసంగికముగా. చేప కథలో పెరుగుట యను దోషమును లోకమంతయు గాలపువారికి అంటగట్టినది. మన భాగవతము అష్టమస్కంధమున సత్యవ్రతుని దోసిట పడిన చిన్నచేప కమండలువు పట్టక, కడవ పట్టక, సరస్సు పట్టక సముద్రమునకు పోవునంతగా పెరిగినది. చేప నిజముగా పెరిగిన కథ మన కొక్కటే కలదు. తక్కినవానియందు పెరిగినది కథ.

ఇక తెలుగుకవులకడకు మరలుదము. సభకొఱకే వ్రాసినను మన కవులు నెగడుకడ ఒక చెవి పెట్టియుంచిరని మా నమ్మకము. దానికి సాక్ష్యము వారి మాటలే. గుఱి తప్పని వర్ణనయందును ఉరి, వల, బోను, తెర, మాటు, మంచె, ఓదము, దీమము, జాగిలము, డేగ, సాళువము, బైరి వంటి మాటలు వచ్చును. ఇవి నిఘంటువునుండి దిగినవి కావు, బోయలయొద్ద, ఎఱుకులయొద్ద విన్నవి. సాళువమను డేగ పేరు ఒక రాజవంశమునకే పేరైనది. ధూర్జటి శ్రీకాళహస్తిమాహాత్మ్యమున తిన్నని వేటను వ్రాయునప్పుడు ఈ మాటల బలము మిక్కిలి తెలియును. అచ్చట వేట రాజవినోదము కాదు, పొత్తపినాటి ఉడుమూరివాని బ్రదుకు. వినోదమున మృగముపేరు చాలును, బ్రదుకున పనిముట్టుపేరు కావలయును. పెద్దన స్వరోచివేటకును ధూర్జటి తిన్నని వేటకును గల భేదమును శైలీభేదముగా మాత్రమే చూచుట చాలదు. ఇద్దఱును సభాకవులే, కాని ఇద్దఱి వెనుకనున్న వక్తలు వేఱు. వృత్తిపదములకు గనియైన అయ్యలరాజు నారాయణామాత్యుని హంసవింశతిని కూడ ఈ దృష్టితో చదువవలసియున్నది.

మన నిఘంటువులు ఈ మాటలకు చేసినదేమి? పక్షివిశేషము, మృగవిశేషము, వేటసాధనవిశేషము. ‘విశేషము’ అను మాట నిఘంటుకారుని తప్పిన గుఱి. అతని తప్పును కాదు. అతనికి చెప్పువాడు దొరకలేదు. కాని దానిని మేము ముప్పదిమంది విద్యార్థులయెదుట అర్థముగా చెప్పుచు వచ్చితిమే, అది మా తప్పు.

కొన్నియేండ్లక్రిందట మా తరగతిలో ఒక ప్రబంధమునందలి వేటఘట్టమును బోధించుచు దీమమను మాట రాగా, ‘వేటకుపయోగించు పెంపుడు పక్షి లేక మృగము’ అని నిఘంటువు ననుసరించి చెప్పి, అంతటితో నూరకుండక, ‘డేగవలె ఇదియు తక్కిన పక్షులను పట్టును’ అని సొంతముగా కలిపితిమి. నల్లమలదిక్కునుండి వచ్చిన యొక విద్యార్థి లేచి, వినయముగనే, ‘అయ్యా, దీమము పట్టదండి, పిలుచును’ అనెను. తన తాత కౌజుపిట్టను పెంచెడివాడట. దానిని పంజరములో నుంచి పొదలనడుమ పెట్టి చుట్టును ఉరులు పన్నును. పంజరములోని పిట్ట కూయును. ఆ చోటు తనదనుకొను అడవికౌజు, తన యెల్లలో మఱియొక మగపిట్ట కూసెనని కోపించి కయ్యమునకు వచ్చి ఉరిలో తగులుకొనును. ఆ బాలుడు ఆ కూతను కూసి చూపెను కూడ. తరగతి నవ్వినది, మేమును నవ్వితిమి. లోపల మాత్రము సిగ్గుపడితిమి.

ఆ యొక్క వివరముతో ఎన్ని పద్యముల యర్థము మాఱునో ఆలోచింపుడు. శృంగారసందర్భమున దీమము ఉపమానముగా వచ్చినప్పుడు మేము దానిని ‘ప్రియుని ఆకర్షించు ప్రియ’ యను తీయని భావముగా వ్యాఖ్యానించుచుంటిమి. కౌజుదీమమునకు వచ్చిన పక్షి ప్రేమతో రాలేదు, రోషముతో వచ్చినది. కవి ఉద్దేశించిన దీమము ఏది? కౌజా, లేడియా, మఱియొకటియా? లేడిదీమమైనచో సంగతి వేఱు కావచ్చును. ప్రతిపద్యమునకు ప్రత్యేకముగా విచారింపవలసిన ప్రశ్న యిది. స్వభావోక్తి యనుటకు ముందు స్వభావమేదో తెలియవలయును.

అడుగుటకు మనుష్యులు మిగిలియున్న కాలమింక ఎంతయో లేదు. 1972 నాటి వన్యప్రాణిసంరక్షణచట్టముతో వేట నేరమైనది. అది కావలసిన చట్టమనుటలో మాకు సందేహము లేదు. ద్వైతవనమృగములు కలలో కోరినది అదియే. కాని వేటతోపాటు వేటకథయు ఆగినది. హైమెండార్ఫ్ 1943లో చెంచులనుగూర్చి గ్రంథము ప్రకటించునాటికే వారి బ్రదుకు వేటకంటె దుంపలు, పండ్లు ఏరుకొనుటపై ఎక్కువగా ఆధారపడియుండెను. నేడు నల్లమల పులుల రక్షితారణ్యము. పులిజాడలు చూచుటకు అటవీశాఖవారు చెంచులనే పనిలో పెట్టుకొనుచున్నారు. జాడ చదువు విద్య వారియొద్ద ఇంకను బ్రదికియున్నది, చంపు పని తొలగి చూచు పని మిగిలినది. దీమము, ఉరి, ఓదము మాత్రము ముసలివారి నోట నున్నవి. వానిని చెప్పుమని యడిగినచో చట్టమునకు వెఱచి తెలియదందురు. అడుగువాడు అధికారి కాడని వారికి నమ్మిక కలుగవలయును. చేపలవారియొద్ద ఈ భయము లేదు. వఱదగోదావరికి ఎదురీదు పులసను పట్టువారియొద్ద వలల పేర్లు, నీటిపోకల పేర్లు ఇంకను వాడుకలో నున్నవి.

మా శాఖలో ప్రబంధపదములపై పనిచేయు విద్యార్థులు ఇద్దఱు ఈ యేడు గ్రంథాలయమున సగము కాలము, నల్లమల గూడెములందును కోనసీమ రేవులందును సగము కాలము గడుపవలెనని నిర్ణయించుకొన్నారు. మా పాతవ్యాఖ్యలోని దీమమునకు ఎదురుగా ప్రశ్నార్థక మొకటి వేసియుంచితిమి. ఆ బాలుని తాత చెప్పిన కౌజుదీమము, కవి చెప్పిన దీమము ఒకటియే యగునో కాదో, ఆ మాట వచ్చిన పద్యములన్నిటిని ఏర్చి వచ్చు సంచికయందు చర్చింతుము.